మంద దిగిరాని చలికాలం

గోదావరికి ఆనకట్ట కట్టి కాలవలు తవ్వాక మా ఊళ్ళో వరి పండని చెక్క అంటూ మిగల్లేదు. మెట్ట ఊళ్ళవాళ్ళు మమ్మల్ని అదృష్టవంతులనేవారు. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఊడ్చిన చేలో పశువు నోరు పెట్టడానికి చోటుండదు. బీళ్ళన్నీ పొలాలయిపోయాయి. పుంతదారుల పక్క గడ్డి ఎన్ని నోళ్ళకి సరిపోతుంది? అందుకని తొలకరి దుక్కులూ ఊడ్పులూ అయ్యీ కాగానే, పాలిచ్చేవాటిని ఇళ్ళ దగ్గర ఉంచుకుని, మిగతా పశువులన్నిటినీ మందగట్టి మన్యం కొండల మీదికి తోలేసేవారు. వానాకాలమంతా అవి అక్కడే మేసి, కోతలయ్యే వేళకి ఒళ్ళు చేసి దిగివచ్చేవి. అవి వస్తేనే కుప్పలు నూర్చడం. కళ్ళంలో ఎద్దులు తొక్కితేనే గింజ రాలేది, ఆ రోజుల్లో.

మా మంద కాపరి ఒక గొల్ల ముసలాయన. మా నాన్న కుర్రతనం నుంచీ ఆయనే. ఊళ్ళో మా ఈడువాళ్ళందరికీ తాత. భార్య ఏనాడో పోయింది. ఒక్క కూతురు పక్క ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. ఏడాదిలో సగం కొండల్లో ఉండే మనిషి కనక మాట తక్కువ. ఎవరైనా పలకరిస్తే ముందు కాసేపు చూసి, ఆ తరవాత జవాబు చెప్పేవాడు.

ఆయనకి రెండు కుక్కలుండేవి. ఒక్క ఈతలో పుట్టినవే, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. వాటికి వేరే పేర్లు లేవు. ఆ ఏడు మంద బయల్దేరే ముందు బండి చక్రం కింద పడి ఎర్రదాని ముందుకాలు నలిగింది. కుంటికుక్కని కొండ ఎక్కించలేక దాన్ని మా బావ ఇంటి దగ్గర కట్టేశాడు. నల్లది పొలిమేర దాకా మంద వెంట వెళ్ళింది, అక్కడ నిలబడి వెనక్కి చూసింది, చూసి పరుగున వచ్చి ఎర్రదాని పక్కన పడుకుంది. ముసలాయన తిరిగి వచ్చి పిలిచినా లేవలేదు.

"ఉండనీండి బాబుగారు. ఈ ఏటికి నేనొక్కణ్ణీ సూసుకుంటాను" అని వెళ్ళిపోయాడు.

బావ అంటే మా పెద్దక్క భర్త. మా ఊళ్ళోనే రెండు వీధుల అవతల ఉండేవాళ్ళు. నాకప్పటికి ఇరవై దాటాయి, పెళ్ళి కాలేదు. బావ నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళకి పిల్లల్లేరు. ఆయనకి ఒక జత ఎద్దులుండేవి, ఇంట్లో పుట్టిన దూడలే. వాటికి ఆయన గడ్డి ఊరికే వెయ్యడు, దుమ్ము దులిపి, ముల్లూ పుడకా ఏరి వేసేవాడు. అక్క నవ్వేది. "నాకు అన్నంలో రాయి తగిలినా ఆయనకి పట్టదు" అనేది.

ఆ ఏడు మార్గశిరం అయిపోయింది. కోతలయ్యాయి. కుప్పలు వేసేశారు. మంద రాలేదు.

మొదట ఎవరూ కంగారు పడలేదు. మంచు ఎక్కువగా ఉంది, దారిలో ఆగి ఉంటాడనుకున్నారు. నిజంగానే ఆ ఏడు మంచు విపరీతంగా పట్టింది. పొద్దెక్కినా ఎదురుగా వచ్చే మనిషి కనపడేవాడు కాదు, దగ్గు వినపడేది. కుప్పల మీద గడ్డి తడిసి నల్లబడుతోంది. లోపల వేడి పుట్టి ధాన్యం మొలకెత్తుతుందని పెద్దవాళ్ళు రోజూ చెయ్యి దూర్చి చూసేవారు. పుష్యమాసం వచ్చాక ఇక లాభం లేదని, ఎవరైనా వెళ్ళి చూడాలన్నారు. మా నాన్నకి చలికాలం ఉబ్బసం. బావ నేను వెళ్తానన్నాడు. ఒక్కణ్ణీ పంపడం ఎందుకని నన్ను తోడిచ్చారు.

"కుక్కల్ని కూడా తీసుకెళ్దాం. ఆయన ఎక్కడున్నాడో మనకంటే వాటికే తెలుస్తుంది" అన్నాడు బావ. ఎర్రదాని కాలు అప్పటికి బాగయింది. కొద్దిగా వంకర మాత్రం ఉండిపోయింది.

అక్క అటుకులు, బెల్లం, ఆవకాయ మూటగట్టి ఇచ్చింది. దుప్పట్లు చాలవని మా నాన్న గొంగళి, తన మామగారి గొంగళి తెచ్చి మా భుజాల మీద వేసింది. "ఎద్దులకి నా మాటగా కాస్త బెల్లం పెట్టండి" అని ఇంకో చిన్న మూట బావ చేతిలో పెట్టింది.

కాలవ మీద పడవలో ధవళేశ్వరం లాకుల దాకా వెళ్ళాం. పడవవాడు కుక్కల్ని ఎక్కించుకోనన్నాడు. పడవ లాగే మనుషులు తాడు భుజాన వేసుకుని గట్టు మీద ముందుకి వంగి నడుస్తుంటే, వాళ్ళ వెనకాలే రెండు కుక్కలూ నడిచాయి. మంచులో మనుషులు సరిగ్గా కనపడేవారు కాదు. నల్లది మాత్రం అప్పుడప్పుడు గట్టు అంచుకి వచ్చి మేము పడవలో ఉన్నామో లేదో చూసి పోయేది. బావ చెయ్యి ఎత్తేవాడు. అది చూసుకుని మళ్ళీ వెళ్ళేది.

రాజమండ్రి దాటాక నడక. గోకవరం దాకా బళ్ళ బాట. ఆ పైన అడవి. నేను కొండల మీదికి వెళ్ళడం అదే మొదలు. మాకు కొండలంటే, వాన వెలిసిన రోజున ఉత్తరం దిక్కున నీలంగా కనపడే గీత, అంతే. దగ్గరికి వెళ్ళాక అసలు కనపడనే లేదు. మంచు లోపల నేల పైకి లేస్తోందని కాళ్ళకి తెలిసేది. చెట్ల మీంచి నీళ్ళు కారుతూనే ఉండేవి, వాన లేకపోయినా. గొంగళి తడిసి బరువెక్కింది. చెప్పులు తడిసి జారుతుంటే విప్పి నడుముకి కట్టుకున్నాం. రాళ్ళ చల్లదనానికి అరికాళ్ళు కొంతసేపటికి తిమ్మిరెక్కి, తరవాత వాటికి ఏమీ తెలియకుండా పోయింది.

కుక్కలకి మాత్రం ఆ దారి తెలుసు. ఎర్రది ముందు పోయేది. వంపు దగ్గర ఆగి, మేము వచ్చేదాకా నిలబడి, మళ్ళీ పోయేది. నల్లది బావ మడమల వెనకే నడిచేది. ఊళ్ళో ఉన్నప్పుడు అవి వీధికుక్కల్లాగే ఉండేవి, ఎవరు పిలిచి ముద్ద వేసినా తోక ఊపుతూ పోయేవి. ఇక్కడికి వచ్చాక వాటి తీరు మారిపోయింది. మొరగవు. ఆడవు. ముక్కు పైకెత్తి గాలి చూసుకుంటూ, పనికి వచ్చిన మనుషుల్లాగా నడిచేవి.

రెండో రోజు పొద్దున్న ఎర్రది వంపు దగ్గర ఆగి ముందుకి వెళ్ళలేదు. మెడ మీద వెంట్రుకలు లేచాయి. మేము కర్రలు గట్టిగా పట్టుకున్నాం. మంచులోంచి మనుషులు దిగివచ్చారు, ఒకరి వెనక ఒకరు, కావళ్ళు మోసుకుంటూ. దగ్గరికి వచ్చాక వాసన కొట్టింది. కావళ్ళనిండా పచ్చితోళ్ళు. మడతలు పెట్టి తాళ్ళతో బిగించి ఉన్నాయి. నీళ్ళు ఓడుతున్నాయి.

వాళ్ళు దారి ఇవ్వమన్నట్టు ఆగారు. బావ కదల్లేదు.

"ఎక్కణ్ణించి ఇన్ని తోళ్ళు?" అని నేనడిగాను.

"పైనుంచండి. పైన పశువులన్నీ పోయాయండి. ముసర తగిలింది" అన్నాడు ముందున్న మనిషి. ముసర అంటే మా వైపు పశువులకి వచ్చే పెద్ద జాడ్యం. ఒక్క దొడ్లో అడుగుపెడితే ఊరు ఖాళీ చేసి పోతుంది.

"ఎవరి పశువులు?"

"అందరియ్యీనండి. కిందూళ్ళోళ్ళయీ, పైనోళ్ళయీ. సచ్చినవాటి తోళ్ళు కొనుక్కుని కిందకి మోస్తన్నాం."

ఈలోగా నల్లది మూడో కావడి దగ్గరికి వెళ్ళి, తోళ్ళ కింద ముక్కు పెట్టి నిలబడింది. అదిలించినా రాలేదు. బావ దాన్ని పట్టుకోవడానికి వెళ్ళి, అక్కడే ఉండిపోయాడు. నేను వెళ్ళి చూశాను. పైన ఉన్నది తెల్లతోలు. దాని మీద మూడు వాతలు, పక్కపక్కనే, మధ్యది కొంచెం వంకరగా. క్రితం ఏడు బావ ఎద్దుకి పక్క వాచిపోతే పశువుల వైద్యుడు కాల్చిన వాతలవి. కాల్చినప్పుడు కొమ్ములు పట్టుకున్నది బావ. కాళ్ళకి కట్టిన తాడు పట్టుకున్నది నేను. అది కదిలినప్పుడే మధ్య వాత వంకర పోయింది.

బావ ఆ వాతల మీద అరచెయ్యి పెట్టాడు. కావడి మనిషి ఏమీ అర్థంకాక, బరువు భుజం మార్చుకోలేక, అలాగే నిలబడ్డాడు.

"బాబుగారు, బరువండి" అన్నాడు కాసేపటికి.

బావ చెయ్యి తీసి పక్కకి తప్పుకున్నాడు. వాళ్ళు దిగిపోయారు. ఇవి నావి అని గానీ, నాకివ్వండి అని గానీ ఆయన అనలేదు. ఏం చేసుకుంటాడు తీసుకుని? చెయ్యి గొంగళికి తుడుచుకున్నాడు. నడుద్దాం పద అన్నట్టు నాకేసి చూశాడు. కొంత దూరం వెళ్ళాక నేనే అన్నాను, "బావా, వెనక్కి పోదామా?"

"ముసలాయన పైనున్నాడు కదా" అన్నాడు.

బెల్లం మూట బావ నడుముకే ఉంది. మధ్యాహ్నం ఒక సెలయేటి దగ్గర ఆగినప్పుడు అది విప్పి కుక్కలకి పెట్టేశాడు.

కొండ మీద కొండరెడ్ల పల్లె ఒకటుంది. వెదురు తడికల ఇళ్ళు, ప్రతి ఇంట్లోనూ పొగ. మా మంద ఏటా దాని పై మిట్టలోనే మేసేది కనక ఆ పల్లెవాళ్ళకి మా ముసలాయన బాగా ఎరుక. ఒక ముసలమ్మ మమ్మల్ని నిప్పు దగ్గర కూచోబెట్టి జావ పోసింది. కుక్కల్ని చూడగానే ఆనవాలు పట్టింది.

"ఈటిని ఈ ఏడు తేలేదే అనుకున్నాం. మీ కాపరి పైనే ఉన్నాడు. కిందకి రమ్మని మావోళ్ళు రెండుసార్లు ఎళ్ళి పిలిసారు. రాలేదు. అయ్యగార్లు మందేదిరా అని అడిగితే ఏ మొకం ఎట్టుకుని చెప్పేది అంటాడు. ఇంటో ముద్దుంటే పంపుతున్నాం. తిన్నాడో లేదో మాకు తెలవదు" అంది.

"మనిషి బాగున్నాడా?" అన్నాడు బావ.

ఆమె తల అడ్డంగా ఊపింది. "జరం."

వాళ్ళ పశువులు కూడా పోయాయి. ఆ పల్లెలో ఒక్క దూడ అరుపు లేదు. కోళ్ళు మాత్రం ఉన్నాయి. ఆమె మాకు జావ పోసింది కానీ దాంట్లోకి మజ్జిగ లేదని చెప్పుకుని నొచ్చుకుంది.

తెల్లవారి బయటికి వస్తే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నేలంతా తెల్లగా ఉంది. గడ్డి పరకల మీద, తడికల మీద, వేసిన కట్టెల మోపు మీద, ఉప్పు జల్లినట్టు మంచు గడ్డకట్టి ఉంది. మాకు మంచంటే పొగ, లేకపోతే తడి. అది చేతికి అందే వస్తువని నాకు తెలియదు. పరకని పట్టుకుంటే వేళ్ళ మధ్య నలిగి చల్లగా కాలినట్టయింది. ఎర్రది ఒక కాలు పెట్టి, తీసి, నాకి చూసింది. ఆ వంకర కాలు అది నేల మీద ఆనించలేకపోయింది, మూడు కాళ్ళ మీదే నడిచింది.

"ఇది ఎప్పుడో గానీ పడదు. మావోళ్ళకే వణుకు" అంది ముసలమ్మ, మేము ఎక్కే దారి చూపిస్తూ.

పైకి వెళ్ళే కొద్దీ తెల్లదనం ఎక్కువైంది. అడుగు వేస్తే చప్పుడు. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, పిట్ట కూడా లేదు. తరవాత పిట్టలు కనపడ్డాయి. ఎండిన పెద్ద చెట్టు మీద, కొమ్మకి ఇన్నేసి, రాబందులు. రెక్కలు తడిసి గడ్డకట్టి ఎగరలేక కూచున్నాయి. మేము కింద నుంచి పోతుంటే తలలు తిప్పి చూశాయి. నేను రాయి తియ్యబోతే బావ వద్దన్నాడు.

ఆ చెట్టు దగ్గర నుంచే ఎముకలు మొదలయ్యాయి. ఒక చోట కుప్పగా కాదు. ఏది ఎక్కడ పడిపోయిందో అక్కడే. వాగు పక్కన ఎక్కువ ఉన్నాయి, నీళ్ళకోసం వెళ్ళి పడినవి. వాటి మీద కూడా తెల్లగా మంచు. కుక్కలు వాటి జోలికి పోలేదు. రెండూ పక్కపక్కన, ఒకదానికొకటి ఒరుసుకుంటూ నడిచాయి.

ఉన్నట్టుండి ఎర్రది మూలిగి, మూడు కాళ్ళ మీదే పరుగు తీసింది. నల్లది దాని వెనక. మేము వెళ్ళేసరికి ఒక బండ కింద, వెదురు కంపతో కట్టిన దడి లోపల, ముసలాయన కూచుని ఉన్నాడు. నల్లది ఒళ్ళో తల పెట్టింది. ఎర్రది ఆయన చెయ్యి నాకుతోంది. ఆయన వాటిని నిమురుతున్నాడు కానీ చూపు మా మీద ఉంది. మనిషి సగమయ్యాడు. గడ్డం మాసి, కళ్ళు పసుపు పచ్చగా ఉన్నాయి. వెనకాల, నిప్పుకి అవతల, ఒక పెయ్య నిలబడి ఉంది. చిన్న ఎర్ర పెయ్య. దాని వీపు మీద ఆయన గొంగళి కప్పి ఉంది. ఆయన ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేదు.

బావ తన గొంగళి తీసి ఆయనకి కప్పాడు.

"ఒక్కటే మిగిలిందండి" అన్నాడు ముసలాయన.

"కబురు చెయ్యలేకపోయావా తాతా?" అన్నాను నేను.

"సంతలో ఒకాయనతో సెప్పానండి. సేరలేదా?"

"లేదు."

ఆయన తల ఊపాడు. "ముందు పైనోళ్ళ గేదెకొచ్చింది. కళ్ళెంట నీళ్ళు, నోట్లో పుళ్ళు. నాకు తెలిసిపోయింది. మందని పక్క కొండకి తోలేశాను. రేత్రీ పగలూ తోలాను. అక్కడికీ వచ్చేసింది. ఇక నీళ్ళ పారుడు పట్టుకుంది. పొద్దున్న మేసింది సాయంత్రానికి కూలబడేది. మా సిన్నప్పుడు ఒకసారి వచ్చిందండి ఇది. అప్పుడు మా అయ్య ఉన్నాడు." కాసేపు ఆగి బావకేసి చూశాడు. "మీ జత చివరిదాకా నిలబడిందండి. పెద్దది పడిపోతే రెండోది దాని పక్కనే నిలబడింది. అది ఆ పైన మేత ముట్టలేదు. తోళ్ళోళ్ళు వచ్చినప్పుడు నేను జరంలో ఉన్నాను. లేవలేకపోయాను."

"నీ తప్పేముంది ఇందులో" అన్నాడు బావ.

"తప్పని కాదండి. నాకు అప్పజెప్పారు కదా."

బావ దడి విప్పి వెదురు కర్ర ఒకటి తీశాడు. నా గొంగళి అడిగి తీసుకుని దానికి డోలీ కట్టాడు. ముసలాయన నడుస్తానన్నాడు. లేచి నాలుగు అడుగులు వేసి కూలబడ్డాడు. డోలీలో పడుకోబెడితే బరువే లేడు. పెయ్య మెడకి తాడు కట్టి నా నడుముకి ముడి వేసుకున్నాను. ముందు బావ, వెనక నేను, నా వెనక పెయ్య.

ఎవరూ చెప్పకుండానే కుక్కలు వాటి చోటికి అవి వెళ్ళాయి. ఎర్రది పెయ్యకి కుడివైపు, నల్లది వెనక. పెయ్య దారి పక్కకి తిరిగితే ఎర్రది అడ్డం వెళ్ళేది, ఆగితే నల్లది మడమ దగ్గరికి వచ్చేది. ఏటా అన్ని పశువుల్నీ అలాగే దింపేవి. ఇప్పుడు ఆ ఒక్కదాన్నీ మందలాగే దింపుతున్నాయి. నేను వెనక్కి చూసుకుంటూ నడిచాను. తరవాత చూడడం మానేశాను.

పల్లెలో ఆగలేదు. ముసలమ్మ దారి దాకా వచ్చి ముసలాయన నోట్లో నాలుగు గుక్కల గంజి పోసింది. ఆయన ఏదో చెప్పబోయాడు. "పో, పో. బతికుంటే పై ఏడు రా" అంది.

పల్లె దాటి దిగుతుంటే మంచు మళ్ళీ కమ్మింది. ముందున్న బావ వీపు కూడా మసకగా ఉంది. లోయ పక్కగా సన్నని దారి. పెయ్య ఒక్కసారిగా బిగదీసుకుని ఆగింది, నడుముకి తాడు కోసుకుపోయింది. వెనక నల్లది గుర్రుమంటోంది. అది అలా గుర్రుమనడం నేను అంతకు ముందు వినలేదు. పై గట్టు మీద పొదల్లో కొమ్మ విరిగింది.

"బావా, ఏదో ఉంది" అన్నాను.

"చిరుత. పెయ్య వాసన పట్టింది. ఆగకు, నడు" అన్నాడు. తిరిగి చూడ్డానికి లేదు, భుజాల మీద మనిషి ఉన్నాడు. గట్టిగా అరుస్తూ నడిచాం. ఎర్రది పెయ్యని తోస్తూ నా పక్కకి వచ్చేసింది. నల్లది రాలేదు. దారి మధ్య నిలబడి, పొదలకేసి మొరుగుతోంది. మొరుగు దూరమైంది, గట్టు పైకి పోయింది. ఒక్కసారి కీచుమంది. ఆ తరవాత ఏమీ లేదు.

కొంత వెడల్పున్న చోట డోలీ దించాం. బావ కర్ర తీసుకుని వెనక్కి నాలుగడుగులు వేశాడు. పిలిచాడు. నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. ఆ మంచులో ఈల కూడా ఎక్కువ దూరం పోయినట్టు లేదు. నన్నూ, ముసలాయన్నీ, పెయ్యనీ వదిలి వెళ్ళలేక, వెళ్ళకుండా ఉండలేక, అక్కడే అటూ ఇటూ తిరిగాడు. ఎర్రది దారికి అడ్డంగా నిలబడింది, పైకి చూస్తూ. దాన్ని ఎంత పిలిచినా రాదు.

"నల్లదేదండీ?" అన్నాడు ముసలాయన డోలీలోంచి.

బావ వచ్చి ఆయన పక్కన కూచున్నాడు. "చిరుత పట్టుకుపోయింది తాతా. పెయ్యకి అడ్డం వెళ్ళింది" అన్నాడు.

అంత మందా పోయిన సంగతి ఆయన నిబ్బరంగానే చెప్పాడు. ఇప్పుడు గొంగళి మొహం మీదికి లాక్కున్నాడు. కర్రకి కట్టిన గొంగళి కదలడం మాత్రం నాకు కనపడుతోంది. చాలాసేపు కదిలింది. బావ తన తలగుడ్డ విప్పి ఎర్రదాని మెడకి కట్టి, లాక్కొచ్చి, తన మొలకి కట్టుకున్నాడు. అక్కడి నుంచి గోకవరం దాకా అది ఆయన పక్కన నడిచింది, మెడ వెనక్కి తిప్పుకునే.

గోకవరంలో బండి దొరికింది. ధవళేశ్వరం నుంచి పడవ. ఈసారి పడవవాడు ముసలాయన్ని చూసి కుక్క సంగతి ఎత్తలేదు. పెయ్యని మాత్రం గట్టు మీదే నేను తోలుకొచ్చాను.

ఊరు దగ్గర పడేసరికి పొద్దెక్కింది, అయినా మంచు విడలేదు. కాలవ గట్టు మీద నుంచి ఊళ్ళోకి వంతెన ఉంది. పెయ్య గిట్టల చప్పుడు దాని చెక్కల మీద వినపడగానే ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. మందొచ్చిందనుకున్నారు. ఆడవాళ్ళు తవుడు తట్టలతో వీధిలోకి వచ్చారు. మా అక్క కూడా వచ్చింది.

ఆ పెయ్య మాది కాదు, బావ వాళ్ళది కాదు. వీధి చివర ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడది. మా ఇద్దరికీ కొండ మీదే తెలుసు. దారి పొడుగునా బావ దానికి గడ్డి కోసి పెట్టాడు, దడుచుకుని మేత ముట్టనప్పుడు నోట్లోకి కుక్కి తినిపించాడు. ఆ పెద్దావిడ వచ్చి, దాని గంగడోలు నిమిరింది, ఆమె మొహం విప్పారింది. తరవాత వంతెనకేసి చూసింది.

"మిగతాయ్యి ఎనకాలొత్తన్నాయా నాయనా?" అని బావని అడిగింది.

నేనే చెప్పాను. గట్టిగా ఏడ్చినవాళ్ళు తక్కువ. తవుడు తట్టలు పట్టుకుని ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. మా అక్క బావ మొహం చూసి నీళ్ళు కాచి కాళ్ళ మీద పోసింది. ఆయన అరికాళ్ళు పగిలి రక్తం కారిన సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆ ఏడు కుప్పలు మనుషులే నూర్చారు. కట్టల్ని బల్ల మీద కొట్టి రాల్చారు. అడుగు కట్టల్లో ధాన్యం అప్పటికే మొలకెత్తింది. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ ముక్కిపోయిన బియ్యం, ముక్కవాసన అన్నమే. తొలకరికి ఎవరికి వాళ్ళు పిఠాపురం వైపూ, మెట్ట వైపూ వెళ్ళి పశువుల్ని వెతుక్కున్నారు. బావ వెళ్ళలేదు. చేను కౌలుకిచ్చాడు. అక్క ఎంతో పోరింది. మా నాన్న చెప్పి చూశాడు. "చూద్దాంలే మామయ్యా" అనేవాడు.

ముసలాయన్ని కూతురు వచ్చి తీసుకెళ్ళింది. జ్వరం తగ్గుతూ, తిరగబెడుతూ వేసవి దాకా లాగింది. మాఘంలో ఒకసారి బావా నేనూ చూడ్డానికి వెళ్ళాం. ఎండలో మంచం వేసి పడుకోబెట్టారు. ఎర్రది మంచం కింద ఉంది. దాన్ని మేమే అక్కడ వదిలాం, మా బావ ఇంట్లో అది అన్నం ముట్టకపోతే. కూతురు మజ్జిగ ఇస్తే ఆయన వద్దని పక్కకి తోశాడు.

"పాలూ మజ్జిగా ముట్టడం లేదండి. ఎంత చెప్పినా ఇనడు" అంది ఆమె.

బావ ఆ గ్లాసు తీసుకుని మంచం పట్టె మీద కూచున్నాడు. "నాకోసం తాగు తాతా" అన్నాడు. ముసలాయన ఆయన్ని చాలాసేపు చూశాడు. ఆ తరవాత రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకున్నాడు.

వైశాఖంలో పోయాడు. కబురు రాగానే బావ వెళ్ళి పాడె పట్టాడు. రైతుబిడ్డ గొల్లాయన పాడె మొయ్యడమేమిటని రెండు ఊళ్ళలోనూ చెప్పుకున్నారు. మా నాన్న కూడా మొదట గొణిగాడు, తరవాత ఊరుకున్నాడు. ఎర్రది ఆ కూతురి ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె పిల్లలు దానికి అలవాటయ్యారు.

బావ మళ్ళీ సొంతంగా సేద్యం చెయ్యడం రెండేళ్ళ తరవాత మాట. పెద్దాపురం పక్క ఊరి నుంచి ఒక జత కొన్నాడు, ఈడొచ్చిన ఎద్దులే, దూడలు కాదు. బాగానే చూసుకునేవాడు. నీళ్ళు పెట్టేవాడు, కడిగేవాడు. గడ్డి మాత్రం పాలేరు వేసేవాడు.